నిప్పులవ్వ కథ బయటికెలా వచ్చింది

సోమవారం దాకా చరిత్ర టీచరు దాచుకోవాల్సిన రహస్యం ఒక్కటే. ఈ ఏడాది ఓపెన్ స్కూలు ప్రపంచ చరిత్ర ప్రశ్నపత్రం తయారుచేసింది తనేనన్నది. కట్టుకున్న మొగుడికి కూడా చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. ఆవిడ చెప్పలేదు. సోమవారం తర్వాత రహస్యాలు రెండయ్యాయి, ఆ రెండోది ఆవిడకి కంటి మీద కునుకు లేకుండా చేసింది.

పోయినవారం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. పేపర్లు దిద్దే క్యాంపులో ఆవిడ బల్ల మీదికొచ్చిన ఒక కట్టలో తొమ్మిది మంది ఒకే కథ రాశారు. ఆదిమానవులు నిప్పును ఎలా కాపాడుకున్నారన్నది ప్రశ్న. గుహ గోడ మీద చిటికెనవేలు లేని చేతి ముద్ర ఉందని, అది నిప్పులవ్వ చెయ్యేనని, గుంపంతా నిద్రపోతుంటే నిప్పు ఆరకుండా కాపలా కాసిన ఆ ముసలావిడ వేలు కాలిపోయిందని తొమ్మిది మందీ రాశారు. పక్క బల్లలవాళ్ళు చదివి పడీపడీ నవ్వారు. నవ్వకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందని టీచరు కూడా నవ్వింది.

ఎందుకంటే నిప్పులవ్వ ఏ పుస్తకంలోనూ లేదు. కొన్ని గుహల్లో వేళ్ళు తక్కువైన చేతి ముద్రలు ఉన్నమాట నిజమే, ఎందుకలా ఉన్నాయో పండితులే తేల్చుకోలేకపోయారు. అవ్వని మాత్రం పదిహేనేళ్ళ కిందట, జ్వరంతో మూలుగుతున్న కూతుర్ని ఊరడించడానికి టీచరే పుట్టించింది. ఆ తర్వాత తన గోధుమరంగు అట్ట నోటుబుక్కులో రాసి పెట్టుకుంది. రాతియుగం నుంచి నేటి దాకా ప్రపంచ చరిత్రని తన మాటల్లో, తన సరదాకి రాసుకుంటూ వచ్చిన పుస్తకం అది. పడగ్గది బీరువా దాటి ఎన్నడూ బయటికి వెళ్ళలేదు. వెళ్ళలేదనే ఆవిడ అనుకుంది.

అవ్వ బయటికొచ్చిందంటే పుస్తకం బయటికి వెళ్ళినట్టే. ఆ పుస్తకం చివర, పిన్ను కొట్టి మూసేసిన నాలుగు పేజీల్లోనే ప్రశ్నపత్రం చిత్తుప్రతి ఉంది.

హాస్టల్లో ఉన్న కూతురికి ఫోను చేస్తే "ఏ అవ్వమ్మా?" అంది. అబద్ధం చెప్పే గొంతు కాదది. ఇక ఇంట్లో మిగిలింది ఇద్దరు. కళ్ళజోళ్ళ షాపు నడిపే భర్త, చొక్కాల యూనిట్లో కాజాలు కుట్టే అత్తగారు. అత్తగారికి అక్షరం ముక్క రాదు. బస్సు మీద నంబరు కూడా పక్కవాళ్ళని అడిగి ఎక్కే మనిషి. అంటే అనుమానం ఎటు తిరిగినా భర్త దగ్గరికే వచ్చి ఆగుతోంది.

బుధవారం ఆవిడ పుస్తకం పేజీ పేజీ తిప్పింది. ఒకచోట రెండంగుళాల నీలం దారం పడి ఉంది. అత్తగారి పుణ్యమా అని ఆ ఇంట్లో దారం దొరకని చోటు లేదు కాబట్టి దాన్ని బట్టి తేలేదేమీ లేదు. కానీ మంగళవారం పొద్దున అది అక్కడ లేదు.

గురువారం మధ్యాహ్నం తలనొప్పని చెప్పి క్యాంపు నుంచి బయటపడింది. ఇంటికొచ్చి, చెప్పులు గదిలోకి తెచ్చి పెట్టుకుని, బీరువా ఎదురుగా కుర్చీ వేసుకుని, పుస్తకం ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది. దొంగ తన ఇంటివాడే అయినప్పుడు కాపలా కాయడం ఎంత సిగ్గుగా ఉంటుందో ఆ రెండు గంటల్లో ఆవిడకి తెలిసింది. ప్రతి చప్పుడికీ ఆయన అడుగులే అనిపించాయి. ఆయనకేం అవసరం? ఎవరికి ఇస్తాడు? పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయినా ఆయన షాపులో పగలంతా ఎవరితో మాట్లాడతాడో తనకి తెలీదన్న సంగతి మొదటిసారి తట్టింది.

మూడు కావస్తుండగా వీధి తలుపు తాళం తిరిగింది. అడుగులు వంటగది వైపు వెళ్ళలేదు, హాల్లో ఆగలేదు. నేరుగా పడగ్గదిలోకి వచ్చాయి.

వచ్చింది అత్తగారు.

భుజాన గుడ్డసంచి, చేతిలో ఇంటి తాళం. ఆవిడ గదిలో ఎవరున్నారో చూడకుండానే వంగి మంచం మీది దుప్పట్ల మడతల కింద చెయ్యి పెట్టింది. అక్కడ ఏమీ తగల్లేదు. అప్పుడు తలెత్తింది.

"తలనొప్పా?" అంది.

"బీరువా తాళం చెవి అక్కడ లేదత్తయ్యా. నా దగ్గరుంది."

అత్తగారు నడుము నిటారుగా చేసుకుని, దుప్పటి మడత సరిచేసింది. దొరికిపోయిన మనిషిలా కంగారు పడలేదు. క్యూలో నిలబడినట్టు నిలబడింది.

"ఆ పుస్తకం కావాలి" అంది.

"ఎవరికి?"

"నాకే."

"ఎవరు తెమ్మన్నారో చెప్పండత్తయ్యా. మీ మీద నాకేం కోపం లేదు. మీ అబ్బాయేనా?"

"నాకే అంటున్నాను కదమ్మాయ్."

"మీకు చదవడం రాదు కదా."

అత్తగారు సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. సూదిలో దారం ఎక్కించడానికని నాలుగేళ్ళ కిందట చేయించుకున్న జోడు. పుస్తకం అందుకోలేదు. రెండడుగులు ముందుకొచ్చి, కోడలి ఒళ్ళో తెరిచి ఉన్న పేజీ మీదికి వంగి, నిలబడ్డచోటు నుంచే చదవడం మొదలుపెట్టింది.

"'మొదటి నగరాలు నదుల పక్కన పుట్టాయి. ధాన్యం మిగిలింది కాబట్టి దాచడానికి గాదెలు కట్టారు. గాదె ఉంది కాబట్టి దానికి కాపలా పెట్టారు. కాపలావాడు ఉన్నాడు కాబట్టి...' ఇక్కడ కొట్టేశావు. కొట్టేసిన దాని మీద 'రాజు' అని రాశావు."

టీచరు పుస్తకం వైపు చూసింది. అక్షరాలు తన వైపు తిరిగి ఉన్నాయి. అత్తగారు మొత్తం తలకిందులుగా చదివింది, ఎక్కడా తడుముకోలేదు.

"మా యూనిట్లో మిషన్లు ఎదురెదురుగా ఉంటాయి" అంది అత్తగారు, అడక్కుండానే. "భోజనాల వేళ అక్షరాలు నేర్పేవాళ్ళు. పుస్తకం ఒక్కటే. అది ఎప్పుడూ అటువైపు వాళ్ళకి తిన్నగా ఉండేది. నాకు తలకిందుల చదువే ముందొచ్చింది. తిన్నగా చదవడానికి ఇంకో ఏడాది పట్టింది."

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగేళ్ళు దాటింది."

నాలుగేళ్ళు. టీచరు తల నిజంగానే నొప్పెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడకి ముందు గుర్తొచ్చింది పుస్తకం కాదు. ఫ్రిజ్ తలుపు. పొద్దున్నే తను వెళ్ళిపోయేది, భర్త ఆలస్యంగా లేచేవాడు. ఆయనకి చెప్పాల్సినవన్నీ చీటీల మీద రాసి అయస్కాంతం కింద పెట్టేది. ఇంట్లో మూడో మనిషికి చదువు రాదన్న ధీమాతో మనసులో ఉన్నదంతా రాసేది.

కోడలి చూపు ఎటు పోయిందో అత్తగారు కనిపెట్టింది.

"చదివాను" అంది. "'మీ అమ్మకి చెప్పకండి, చెబితే పది వీధులకి తెలుస్తుంది' అని రాశావు ఒకసారి. పాలగిన్నె తీస్తూ చదివాను. పది వీధుల మాట అటుంచు, ఒక్క మనిషికైనా చెప్పానేమో నువ్వే కనుక్కో."

"మరి చదవడం వచ్చని నాకెందుకు చెప్పలేదు? నాలుగేళ్ళు నా కళ్ళముందు నాటకమాడారు."

"చెబితే రాయడం మానేసేదానివి కదా." అత్తగారు మంచం అంచున కూర్చుంది. "నాతో నువ్వు మాట్లాడేది తక్కువ. మందులేసుకున్నారా, గ్యాసు కట్టేశారా, అంతే. నువ్వేమనుకుంటున్నావో ఆ చీటీలు చదివితేనే తెలిసేది. కొన్ని మాటలకి కడుపు మండింది, కాదనను. కొన్ని మాటలు నిజమే. నస పెడతానని రాశావు. తగ్గించాను. గమనించావా?"

టీచరు గమనించలేదు. ఆ మాట ఒప్పుకోవడం ఇష్టం లేక అసలు విషయానికి వచ్చింది.

"ఈ పుస్తకం ఎన్నాళ్ళ నుంచి తీస్తున్నారు?"

"వానలు మొదలైనప్పటి నుంచి. పొద్దున నువ్వెళ్ళాక తీసుకెళ్ళి, నువ్వొచ్చేలోపు పెట్టేసేదాన్ని. నిన్నా, ఇవాళ పొద్దునా తియ్యడానికి వీలు పడలేదు, అందుకే ఇవాళ త్వరగా వచ్చాను."

"యూనిట్‌కి తీసుకెళ్ళేవారా?"

"మరి? అక్కడ చదివేదాన్ని. మా వాళ్ళ చేతులు మిషన్ల మీద, చెవులు నా మీద. ప్రభుత్వం ఇచ్చిన చరిత్ర పుస్తకం చదివితే రెండో పేజీకే ఆవలింతలు. నీదైతే ఆగనివ్వరు. నిప్పులవ్వ రోజున కాలర్లు కుట్టే ఆవిడ ఏడ్చింది. మళ్ళీ చదవమంది."

కథ ఎక్కడి నుంచి బయటికి పోయిందో టీచరుకి తెలిసిపోయింది. కానీ తెలిసింది గదా అని తేలికపడలేకపోయింది.

"పరీక్ష అయిపోయింది కదా. ఇంకా పుస్తకం ఎందుకు?"

"పరీక్ష అయిపోతే చరిత్ర అయిపోతుందా?" అత్తగారు నిజంగానే ఆశ్చర్యపోయింది. "రెండో ప్రపంచ యుద్ధం దగ్గర ఆపాం. తర్వాత ఏమైందో చెప్పకపోతే వాళ్ళు ఊరుకుంటారా? అదీగాక, చివరి పాఠంలో 'నేటి వరకు' అని రాసి తర్వాత పేజీ ఖాళీగా వదిలేశావు. నేటి దాకా రాయకుండా నేటి వరకు అంటే ఎలా?"

ఇంకో రోజైతే టీచరు నవ్వేది. ఈసారి ఆవిడ మెదడు వేరే మాట దగ్గర ఆగింది. పరీక్ష అయిపోయింది కదా అని తను అన్నప్పుడు అత్తగారు ఏ పరీక్ష అని అడగలేదు.

"అత్తయ్యా. మీరు పరీక్ష రాశారా?"

అత్తగారు కళ్ళజోడు తీసి, కొంగుతో తుడవబోయి, తుడవకుండా మళ్ళీ పెట్టుకుంది.

"రాశాను."

"ప్రపంచ చరిత్ర?"

"అదే మిగిలింది. మిగతావి పోయినేడే గట్టెక్కాను. బట్టల మిల్లుల ప్రశ్న ఒకటి పడింది చూడు, అది బాగా రాశాను. కత్తి పట్టినవాళ్ళ పేర్లన్నీ చరిత్రలో ఉన్నాయి, సూది పట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు, అని మొదలుపెట్టాను. కత్తి చింపిందాన్ని మళ్ళీ కలిపింది సూదేనని..."

"చాలు" అంది టీచరు.

ఆ వాక్యం ఆవిడకి కంఠతా వచ్చు. సోమవారమే ఆ పేపరు దిద్దింది. పెద్ద పెద్ద అక్షరాలు, గీతల మీద కుట్టినట్టు సమంగా. ఎముకకి బెజ్జం పెట్టి సూది చేసిన మనిషి దగ్గర మొదలుపెట్టి, ఆవిరి మగ్గాల దాకా వచ్చి, అవి వచ్చాక చేనేతవాళ్ళ ఇళ్ళల్లో ఏమైందో రాసి ఆపింది ఆ రాసిన మనిషి. టీచరు ఎనభై ఏడు మార్కులు వేసింది. ఆ మార్కులతో ఊరుకోలేదు. ఆ పేజీని చీఫ్ ఎగ్జామినరు దగ్గరికి తీసుకెళ్ళి, "సార్, ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబు చూళ్ళేదు" అని పదిమంది ముందు చదివి వినిపించింది. నిప్పులవ్వ కథ రాసిన తొమ్మిది పేపర్లలో అదొకటి.

ఇప్పుడు ఎవరు నమ్ముతారు? పేపరు మీద పేరుండదు, కోడ్ నంబరే ఉంటుంది. అయినా అత్తగారి రాత కోడలికి తెలీదంటే విన్నవాళ్ళు నోటితో నవ్వరు. ఇంకా ఒకటుంది. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు ఆవిడ సంతకం పెట్టిన కాయితంలో ఒక వరస ఉంది. భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అత్తమామలు, వీళ్ళలో ఎవరూ ఈ పరీక్ష రాయడం లేదని హామీ ఇస్తున్నాను. కింద తన సంతకం, తేదీ.

"మీ అబ్బాయికి తెలుసా?" అంది.

"కళ్ళజోడు చేసిందెవరనుకున్నావ్?"

టీచరు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చుంది. అడగాల్సిన అసలు మాట ఇంకా మిగిలే ఉంది. అది అడిగితే తనే మొదటి రహస్యం బయటపెట్టినట్టు. అడక్కపోతే ఈ ఇంట్లో ఇక ఎవర్నీ నమ్మలేదు.

"చివరి పేజీలు చూశారా?"

"పిన్ను కొట్టినవా? లేదు."

"ఎందుకు చూడలేదు?"

"పిన్ను కొట్టింది విప్పకూడదు. మా దగ్గర పిన్ను కొట్టిందంటే కటింగు వాళ్ళ సొత్తు, కుట్టేవాళ్ళు ముట్టుకోరు." అత్తగారు చెయ్యి చాచింది. "ఏదీ, ఇలా ఇవ్వు."

ఇవ్వాలా వద్దా అని టీచరు ఒక్క క్షణం తటపటాయించింది. ఆ తటపటాయింపు అత్తగారు చూసింది. పుస్తకం అందుకుని చివరి పేజీలు వెలుతురుకి ఎదురుగా పట్టుకుంది. బొటనవేలి గోరుతో కాయితం అంచు తడిమింది.

"నువ్వు దీన్ని ఎన్నిసార్లు పిన్ను కొట్టావు?"

"ఒక్కసారే."

"నాలుగు బెజ్జాలున్నాయి. రెండు పాతవి, రెండు కొత్తవి. పాతవాటి అంచు మెత్తబడిపోయింది, కొత్తవి ఇంకా గరుగ్గా ఉన్నాయి. ఎవరో పిన్ను తీసి, మళ్ళీ అదేచోట కొట్టాలని చూసి, వెంట్రుకవాసి పక్కకి కొట్టారు."

టీచరు వంగి చూసింది. చెబితే తప్ప కనపడనంత దగ్గరగా నాలుగు చుక్కలు. నలభై ఏళ్ళుగా కుట్లు విప్పి మళ్ళీ కుట్టిన కళ్ళకి తప్ప ఇంకెవరికీ అవి ఆనవు. అంతలోనే మరో ఆలోచన పాకుతూ వచ్చింది. ఈవిడే తీసి, ఈవిడే కొట్టి, ఈవిడే బెజ్జాలు చూపిస్తే? నాలుగేళ్ళు చదువు దాచిన మనిషికి ఇదో లెక్కా?

"నన్నే అనుమానిస్తున్నావు" అంది అత్తగారు మామూలుగా. "అనుమానించు. నీ చోట నేనున్నా అంతే. కానీ ఒకటి ఆలోచించు. నేను ప్రశ్నలు చూసుంటే ఆ చక్రవర్తుల ప్రశ్న వదిలేసి వచ్చేదాన్నా? అది నాకు ఒక్క ముక్క రాలేదు."

నిజమే. ఎనభై ఏడు మార్కుల పేపర్లో ఒక ప్రశ్న కింద నంబరు మాత్రమే వేసి ఖాళీ వదిలేసి ఉంది.

"పుస్తకం ఎప్పుడైనా మీ చెయ్యి దాటిందా?"

"ఒక్కసారి. పరీక్ష ఇంకో పది రోజులుందనగా మీ అక్కావాళ్ళొచ్చి రెండు రోజులున్నారు చూడు, ఈ గదిలోకి రావడానికి కుదర్లేదు. ఆ రెండు రోజులూ యూనిట్లోనే ఉంచాను. నా మిషను సొరుగులో పెట్టి తాళం వేశాను."

"ఆ సొరుగు తాళం ఇంకెవరి దగ్గరుంటుంది?"

"యూనిట్లో సొరుగులన్నిటికీ తాళం ఒకటే."

టీచరు కాయితం, పెన్సిలు తీసుకుంది. పేపర్లు దిద్దేటప్పుడు తేల్చుకోలేని జవాబు దగ్గర చేసే పనే చేసింది. పక్కన లెక్క వేసుకుంది.

"మీ యూనిట్ నుంచి ఎంతమంది రాశారు? నిప్పులవ్వ కథ విన్నవాళ్ళు, పరీక్ష రాసినవాళ్ళు?"

అత్తగారు వేళ్ళు మడిచింది. కాలర్లావిడ, చేతులావిడ, బొత్తాలు కుట్టే అక్కాచెల్లెళ్ళు, ఇస్త్రీ ఆవిడ, మడతలావిడ, ఊడ్చే ఆవిడ, తను.

"ఎనిమిది."

"తొమ్మిది."

"ఎనిమిదేనమ్మాయ్. అందరం ఒకే ఆటోలో వెళ్ళాం, ఒకళ్ళ ఒళ్ళో ఒకళ్ళం కూర్చుని. తొమ్మిదో మనిషి ఎక్కడానికి చోటే లేదు."

"నేను చదివింది తొమ్మిది పేపర్లు."

తొమ్మిదో పేపరు టీచరుకి మెల్లగా గుర్తొచ్చింది. మిగతావాటిలా వచ్చీరాని రాత కాదు. కుడివైపుకి వాలిన అక్షరాలు, రాయడం బాగా అలవాటున్న చెయ్యి. అందులో ఆరో ప్రశ్నకి జవాబు తప్పు. అచ్చుయంత్రం వల్ల వచ్చిన మార్పులు రాయమంటే, కాయితం చైనాలో పుట్టి ఏయే దేశాల మీదుగా ప్రయాణం చేసిందో రెండు పేజీలు రాశారు. ప్రశ్న ఒకటి, జవాబు ఒకటి. ఇలాంటివి రోజుకి పది తగులుతాయి. కాయితం, అచ్చు, రెండూ పక్కపక్క పాఠాలే కదా, పాపం తికమక పడ్డారనుకుని సున్నా చుట్టి పేజీ తిప్పేసింది.

తికమక కాదు. చిత్తుప్రతిలో తను మొదట రాసిన ఆరో ప్రశ్న కాయితం ప్రయాణం గురించే. పైవాళ్ళు దాన్ని కొట్టేసి అచ్చుయంత్రం పెట్టారు. కొట్టేసిన ఆ ప్రశ్న అచ్చయిన పేపర్లో లేదు. ఉన్నది ఈ పుస్తకంలో, పిన్ను వెనక. ఆ తొమ్మిదో మనిషి ఇంట్లోనే జవాబు బట్టీపట్టి వచ్చి, ప్రశ్న మారిందన్న సంగతి కూడా చూసుకోకుండా రాసేశారు.

"ఏమైంది?" అంది అత్తగారు. "మొహం అలా పాలిపోయిందేం?"

"రేపు ఆ పేపరు మళ్ళీ చూడాలి" అంది టీచరు. అంతకుమించి చెప్పలేదు. ప్రశ్నపత్రం మాట అత్తగారు అడగనూ లేదు. అడగలేదంటే అర్థం కాక కాదు, అర్థమయ్యేనని టీచరుకి ఇప్పుడు తెలుసు.

సాయంత్రం భర్త వచ్చాక విషయం అడిగితే ఆయన తల గోక్కున్నాడు. "అమ్మ చెప్పొద్దంది. పాసయ్యాక ఒకేసారి చెబుదామంది. అందులో తప్పేముంది?" అన్నాడు. తప్పేమీ లేదు. కానీ ఆయన కంచం ముందు కూర్చుని మామూలుగా తింటుంటే టీచరు ఆయన చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది. నాలుగేళ్ళు ఒక మాట కడుపులో పెట్టుకుని ఇంత హాయిగా తినగలిగిన మనిషి, రెండో మాట దాచలేడా?

శుక్రవారం పొద్దున అందరికంటే ముందు క్యాంపుకి వెళ్ళింది. దిద్దిన కట్టలు ఉంచే గది తలుపు తీసి ఉంది. గుమాస్తా స్టూలు మీద కూర్చుని దినపత్రిక చదువుకుంటున్నాడు. తన కట్ట తీయించుకుంది. దారం ముడి విప్పింది. కట్ట మీది చీటీలో నలభై అని ఉంది. లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది. వేలు తడి చేసుకుని మళ్ళీ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిదే.

పెద్దక్షరాల పేపరు ఉంది. కాలర్లావిడది, అక్కాచెల్లెళ్ళవి, అన్నీ ఉన్నాయి. కుడివైపుకి వాలిన అక్షరాల పేపరు లేదు.

"ఇందులో ఒకటి తక్కువుంది" అంది గుమాస్తాతో, వీలైనంత నెమ్మదిగా.

"అది మీరే తీసుకున్నారు కదా మేడమ్" అన్నాడు అతను పత్రిక దించకుండానే. "మళ్ళీ చూడాలని. రిజిస్టర్లో రాశారు."

"నేనా? నేను నిన్న మధ్యాహ్నమే వెళ్ళిపోయాను."

అతను రిజిస్టరు ఇటు తిప్పాడు. నిన్నటి తేదీ, ఆ పేపరు కోడ్ నంబరు, సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు. పక్కన టీచరు సంతకం. మొదటి అక్షరం మీది వంపు, చివర లాగి వదిలే గీత, కింద పెట్టే రెండు చుక్కలు. చూస్తుంటే తనే పెట్టిందేమోనన్న భ్రమ కలిగేంత సరిగ్గా ఉంది.

"మీరు చూశారా, తీసుకున్న మనిషిని?"

"నేను టీకి వెళ్ళాను. రిజిస్టరు ఇక్కడే ఉంటుంది, అందరూ రాసి తీసుకెళ్తారు. కొత్తేముంది?"

వెనక చెప్పుల చప్పుడైంది. చీఫ్ ఎగ్జామినరు. సీసాలోంచి ఎర్రసిరా పోసి పెన్ను నింపుకునేవాళ్ళలో ఆఖరివాడు కాబట్టి క్యాంపంతా ఆయన్ని ఎర్రసిరా మాస్టారు అంటుంది. ఆయన ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. రిజిస్టరు మీదికి వంగి ఆ గీత చదివాడు, కళ్ళజోడు పైకి తోసుకుని టీచరు మొహం చదివాడు.

"తలనొప్పని నా దగ్గర పర్మిషన్ తీసుకుని వెళ్ళారు. మళ్ళీ వచ్చారా?"

"రాలేదు సార్."

"ఈ సంతకం?"

"నాదిలాగే ఉంది. నేను పెట్టలేదు."

ఆయన తలుపు దగ్గరికి వెళ్ళి, బయట ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేశాడు. గుమాస్తాని బయటికి వెళ్ళమని సైగ చేశాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన టీచరుతో తలుపు వేసి మాట్లాడటం ఇదే మొదటిసారి.

"ఆ కట్ట సంగతి నాకు నిన్న సాయంత్రమే తెలిసింది. పైనుంచి ఫోనొచ్చింది. ఆ సెంటరు పేపర్లన్నీ విడిగా పెట్టమన్నారు, కారణం చెప్పలేదు. ఇప్పుడు చూస్తే ఒకటి లేదు, మీ సంతకం ఉంది. నేను అడక్కపోతే వాళ్ళడుగుతారు. వాళ్ళడిగితే ఇలా అడగరు." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నిన్న మూడు ఇరవైకి ఎక్కడున్నారు మేడమ్?"

"ఇంట్లో."

"మీరు ఇంట్లో ఉన్నారని చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. సరిగ్గా ఆ సమయానికి తన ఎదురుగా మంచం అంచున కూర్చున్న మనిషి ఒక్కరున్నారు. ఆ ఒక్కరిని పిలిపిస్తే వీళ్ళు మొదట అడిగేది ఆవిడెవరని, తర్వాత ఆవిడ చేత సంతకం పెట్టించుకుంటారు. పెద్ద పెద్ద అక్షరాల సంతకం. బల్ల మీద విప్పిన కట్టలో, పై నుంచి మూడో పేపరు మీద ఉన్న రాతే అది.

ఎర్రసిరా మాస్టారు జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు.

"పేరు చెప్పండి. రాసుకుంటాను."